నానమ్మ 116 రూపాయల కాగితం

అమలాపురం,
ఏప్రిల్ 27, ఆదివారం.

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలు కాస్త నయం, కానీ మెట్లెక్కొద్దంటే వినదు. మొన్న ఆవకాయ కలిపాం. కాయలు నేనే దగ్గరుండి కొట్టించాను, టెంక సరిగ్గా పట్టాయి. నీ వాటా రెండు కేజీలు సీసాకెత్తి, మూతకి గుడ్డ కట్టి పక్కన పెట్టింది. అటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే చెప్పు. లేకపోతే కొరియర్‌లో పంపుతాను, ఎంతైనా పర్లేదు.

ఈ ఉత్తరం చేత్తో రాస్తున్నా. చంటిగాడు ఫోటోలు తీసి నీకు వాట్సాప్‌లో పెడతానన్నాడు. వాడు చదువుతాడేమోనని భయపడకు, తెలుగు అక్షరాలు చూస్తేనే వాడికి ఆవలింతలు. ఫోన్‌లో అయితే నువ్వు "బాగానే ఉన్నాం నాన్నా, మీటింగుంది నాన్నా" అని రెండు ముక్కల్లో తేల్చేస్తావు. ఈ ఐదు వారాలుగా ఆ రెండు ముక్కలూ లేవు. నీలం టిక్కులు పడుతున్నాయి కాబట్టి చూస్తున్నావని తెలుసు. పనుల్లో ఉంటావులే. నేను రాసేది దాని గురించి కాదు.

మొన్న మండువా ఇంట్లో పెళ్ళికి వెళ్తే పెద్దత్త భోజనాల దగ్గర అంది, "చిట్టివాళ్ళు ఇల్లు అమ్మేస్తున్నారటగా, ప్లేనో నుంచి పండు చెప్పాడు" అని. పండు మాటకి తలా తోకా ఉండదని నాకు తెలుసు. నవ్వేసి ఊరుకున్నా. పప్పులో ఉప్పు తక్కువైంది ఆ పెళ్ళిలో.

నేను టెక్సస్ వచ్చినప్పుడు నువ్వు నన్ను మెకిన్నీ తీసుకెళ్ళిన రోజు గుర్తుందా? బ్లూమ్‌డేల్ రోడ్డులో కాలిన్ కౌంటీ క్లర్క్ ఆఫీసు. "మాల్‌కి వెళ్దాం నాన్నా" అంటే నేను రిజిస్ట్రార్ ఆఫీసు చూస్తానన్నానని అల్లుడుగారు ఒకటే నవ్వు. 31 ఏళ్ళు దస్తావేజులు రాసినవాడికి అంతకన్నా చూడాల్సిందేముంది? బయట ఒక్క రైటరూ లేడు, జిరాక్సు కొట్టు లేదు, టీ బండి లేదు. అమ్మినవాడు రాడు, కొన్నవాడు రాడు, సాక్షుల్లేరు, ఫోటో లేదు, వేలిముద్ర లేదు. ఎక్కడో నోటరీ ముందు సంతకం పెట్టిన కాగితం వస్తుంది. ఆ అమ్మాయి దాన్ని స్కాన్ చేసి, నంబరేసి, ఇండెక్సులోకి ఎక్కించి, అసలు కాగితం తిరిగిచ్చేసింది. ఇంతేనా అన్నాను. ఇంతే నాన్నా అన్నావు. అమ్మినవాడికి అసలు హక్కుందో లేదో అడగరా అంటే, అది వాళ్ళ పని కాదని చెప్పావు. ఆ మాటకొస్తే మన దగ్గరా అంతే, రిజిస్టర్ చేస్తారు గానీ హక్కుకి పూచీ పడరు. అందుకే ఇక్కడ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ, పాత చేతుల లింకు డాక్యుమెంట్లు, అక్కడ హక్కులో తేడా వస్తే నష్టం కట్టే టైటిల్ ఇన్సూరెన్సు.

మీ ఇంటి డీడ్, అదే దస్తావేజు, చూసి నేను ఆశ్చర్యపోయింది ఇంకోటుంది. ధర లేదు! "పది డాలర్లు, ఇంకా తగిన ఇతర ప్రతిఫలం" అని రాసుంది. టెక్సస్‌లో అసలు ధర డీడ్‌లో రాయక్కర్లేదని, స్టాంపు డ్యూటీ కూడా లేదని అల్లుడుగారు చెప్పారు. ఇక్కడ అన్నీ కలిపి నూటికి ఏడున్నర కట్టి ఏడుస్తున్నాం. ఎల్లలు కూడా లేవు. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర పంచాయతీ రోడ్డు అని రాస్తేనే నాకు ఇల్లు కళ్ళకి కడుతుంది. మీకేమో ఫలానా లాటు, ఫలానా బ్లాకు, ప్లాటు మ్యాపు ఫలానా చోట దాఖలైంది అని ఒక ముక్కతో సరి.

సరే, కాగితాల మాట వచ్చింది కాబట్టి నానమ్మ సంగతొకటి చెప్తాను. నీకు ఇంతవరకు చెప్పలేదు.

96 నవంబర్ తుపానుకి మన పెంకులు లేచిపోయి ట్రంకు పెట్టె నిండా నీళ్ళు. కాగితాలన్నీ ముద్దయిపోయాయి. ఇంటి దస్తావేజుకి నకలు తీయాలి, నంబరు గుర్తులేదు. నేనే రైటర్ని, నా ఇంటి కాగితం నంబరు నాకే తెలీదు, సిగ్గుచేటు. అప్పటికి కంప్యూటర్లు లేవు, అవి వచ్చింది 98లో. పేర్ల ఇండెక్సు తిరగేయాల్సిందే. ఆఫీసు పేరెందుకులే, అటెండరుకి పది రూపాయలిస్తే చెద పట్టిన వాల్యూములు తెచ్చి బల్ల మీద పడేశాడు. నానమ్మ పేరు మీద వెతుకుతుంటే మన ఇంటి దస్తావేజు కన్నా ముందు ఇంకోటి తగిలింది. 1972. రాసిచ్చినవారు: నానమ్మ. రాయించుకున్నవారు: ఆవిడ అన్నదమ్ములు, మా పెద్ద మామయ్య, చిన్న మామయ్య. హక్కు విడుదల. కాలవ గట్టున వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, స్వార్జితం 2 ఎకరాల 40 సెంట్లలో తన మూడో వంతు వదులుకుంటూ, పసుపు కుంకుమల నిమిత్తం ముట్టిన పైకం రూ. 116.

నకలులో సంతకం కనపడదు, తెలుసుగా. పుస్తకంలోకి చేత్తో ఎక్కించేవాళ్ళు "సం." అని రాసి పక్కన పేరు రాస్తారంతే. అమ్మ సంతకం ఎలా పెట్టింది, చెయ్యి వణికిందా, చకచకా పెట్టేసిందా, ఏమీ తెలీదు. గుమాస్తా దస్తూరీలో మా అమ్మ పేరు. ఆ పేజీ ముందు ఎంతసేపు కూర్చున్నానో, అటెండరు మళ్ళీ వచ్చి ఇంకో ఐదడిగాడు.

ఇంటికొచ్చి అడిగాను. చింతపండు పిక్కలు తీస్తోంది. తలెత్తకుండానే చెప్పింది, "అన్నయ్య చీర తెచ్చాడు. సంతకం పెట్టమ్మా అన్నాడు, పెట్టాను. ఏం రాసుందని అడిగితే బాగుంటుందా?" "116 ఇచ్చారా?" అంటే నవ్వింది. "చీర ఇచ్చారుగా." తరవాత చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ నకలు ఎందుకు తెచ్చావు, మామయ్యకి తెలిస్తే బాధపడతాడు, బీరువాలో అడుక్కి పెట్టు అంది. ఇప్పటికీ అక్కడే ఉంది. నిజానికి మామయ్యలు చెడ్డవాళ్ళు కారు. నా చదువుకి ఫీజు కట్టింది వాళ్ళే. అయినా ఆ 80 సెంట్ల పక్కనుంచి బస్సు వెళ్తే నేను ఇటువైపు కిటికీలోంచి చూస్తాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఊరికే.

సరే, దాచి ఏం లాభం. పెద్దత్త ఆ మాట అన్న రాత్రి నిద్ర పట్టలేదు. చంటిగాడి ల్యాప్‌టాప్ తీశాను. మీ ఫ్రిస్కో కాలిన్, డెంటన్ రెండు కౌంటీల్లోనూ ఉంది కదా, ముందు డెంటన్ క్లర్క్ ఆన్‌లైన్ రికార్డుల్లో వెతికి ఏమీ లేదని సంతోషపడ్డాను. తరవాత మీ ఇల్లు కాలిన్‌లోదని గుర్తొచ్చింది. ఇంటిపేరు ముందు కొట్టి, తరవాత నీ పేరు కొట్టాను. రెండు వరసలొచ్చాయి. 2021లో గ్రాంటీ, అంటే రాయించుకున్నవారు, నువ్వూ అల్లుడుగారూ. ఈ మార్చిలో గ్రాంటర్, అంటే రాసిచ్చినవారు, నువ్వు, గ్రాంటీ అల్లుడుగారు ఒక్కరే. అదే పది డాలర్లు.

నీమీద నిఘా పెట్టాననుకోకు. ఆ రికార్డు ఎవరైనా చూడొచ్చు. మన 1908 చట్టంలోనూ 57వ సెక్షన్ అదే చెప్తుంది.

రీఫైనాన్సు, అంటే పాత లోను తీర్చి కొత్త లోను తీసుకోవడం, చేసేటప్పుడు లోను ఒకరి పేరు మీదే వస్తుందని, రెండోవాళ్ళ పేరు డీడ్‌లోంచి తీయించి తరవాత మళ్ళీ ఎక్కిస్తారని రాజోలు బాబాయి కొడుకు చెప్పాడు. అదే అయ్యుంటుంది. అయితే ఆ "తరవాత" చాలామంది మర్చిపోతారట. ఇల్లు కాపురముండే ఇల్లయితే అమ్మడానికి పేరు లేని భార్య సంతకం కూడా టెక్సస్‌లో కావాలట, అది కొంత నయం. కానీ మొగుడికి పెళ్ళాం రాసిచ్చిన డీడ్‌ని అక్కడి కోర్టులు గిఫ్టు కింద చూసే వీలుందని కూడా అన్నాడు. ఇంకోటి, అప్పు పత్రంలో నీ పేరు ఇంకా ఉందా, తీసేశారా? ఇంట్లో వాటా లేకుండా అప్పులో మాత్రం ఉంటే అదెక్కడి లెక్క? డీడ్ వేరు, అప్పు పత్రమైన నోటు వేరు, ఇంటిని అప్పుకి తాకట్టు పెట్టే డీడ్ ఆఫ్ ట్రస్ట్ వేరు. మూడూ తీసి పక్కపక్కన పెట్టి చూడు. ఉపన్యాసం అనుకుంటావు. అనుకో.

రీఫైనాన్సే అయితే, అల్లుడుగారు మీ ఇద్దరి పేరనా కొత్త డీడ్ రాసి నోటరీ ముందు సంతకం పెట్టాలి. ఇంటి వివరం పాత డీడ్‌లోంచి అక్షరం పోకుండా దించండి. నీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. తీసుకునేవాళ్ళ చిరునామా రాయడం మర్చిపోవద్దు. మొదటి పేజీకి 25 డాలర్ల చుట్టూ, తరవాత పేజీకి 4 అవుతుంది. సంతకాలయ్యాక సొరుగులో పెట్టుకుంటే లాభం లేదు, రికార్డవ్వాలి. కాపురముండే ఇంటికి పన్ను తగ్గించే హోమ్‌స్టెడ్ మినహాయింపు కూడా ఒకసారి చూసుకోండి, దానికి ఏప్రిల్ 30 గడువు. "మీ డీడ్ కాపీ వంద డాలర్లకి" అని సర్కారు కాగితంలా ఉత్తరమొస్తే చింపెయ్, క్లర్క్ దగ్గర కొద్ది డాలర్లకే ఇస్తారు.

రీఫైనాన్సు కాకపోతే, పైన రాసిందేదీ చదవక్కర్లేదు.

ఆ స్కాను తెరిచి చూశాను చిట్టీ. అక్కడ సంతకం కనపడుతుంది. మార్చి 11, మంగళవారం. ఆ రోజు నీ గొంతు బొంగురుపోయి ఉంది, జలుబన్నావు. ఐదో తరగతిలో నా రైటింగ్ ప్యాడ్ మీద నువ్వు నేర్చుకున్న సంతకం, కింద పొడుగ్గా గీత లాగి చివర చుక్క పెడతావు. 2021 డీడ్‌లో ఆ గీత పక్క గడి దాకా వెళ్ళింది. దీన్లో గీత లేదు, చుక్కా లేదు.

అమ్మకి ఇవేవీ తెలీదు. నువ్వు చేస్తే నా సెల్‌కే చెయ్యి. మీకు రాత్రి ఏడున్నర అంటే మాకు పొద్దున్న ఆరు, అప్పుడు అమ్మ పెరట్లో పూలు కోస్తుంటుంది, నేను అరుగు మీద ఒక్కణ్ణే ఉంటాను. టికెట్టు అవసరమైతే నా డిపాజిట్టు ఒకటి మే 6న చేతికొస్తుంది. ఆవకాయ మూడోరోజు తిరగ కలపాలట, అమ్మ పిలుస్తోంది.

మీ నాన్న