తాగి వచ్చినవారి తప్పుకు పరేడ్‌ను బలి చేయకండి: షికాగో నగర అధికారి గారికి బహిరంగ లేఖ

షికాగో నగరంలో ఊరేగింపుల అనుమతులు, బందోబస్తు వ్యవహారాలు చూసే అధికారి గారికి,

అయ్యా,

నగర దక్షిణ భాగంలోని ఐరిష్ మూలాల కుటుంబాలు ఏటా మార్చిలో, ఐర్లండ్‌వారు కొలిచే సెయింట్ పాట్రిక్ పండుగకు ముందు ఆదివారం జరుపుకుంటూ వచ్చిన సౌత్ సైడ్ ఐరిష్ పరేడ్ గురించి మీకు కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. 2009 మార్చి 15న వెస్టర్న్ అవెన్యూ మీద ఏం జరిగిందో, ఆ నెలలోనే నిర్వాహక సంఘం ఇకమీదట పరేడ్ జరపలేమని ఎందుకు ప్రకటించిందో మీకు తెలుసు. 2010 మార్చి పరేడ్ లేకుండానే గడిచిపోయింది. ఈ ఏడాది, 2011 మార్చి 13 ఆదివారం కూడా అలాగే గడిచిపోబోతోంది. పరేడ్ జరిగే పేటలైన మోర్గాన్ పార్క్, బెవర్లీ వాసులం ఈ విషయమై పంపుకున్న అర్జీలలో చాలావాటికి జవాబే రాలేదు. వచ్చిన కొద్దిపాటి ఉత్తరాలలోనూ ఒకటే మాట ఉంది: పరేడ్‌ను ఆపింది నగరం కాదు, నిర్వాహక సంఘమే అని.

అది అబద్ధమని నేను అనను. కానీ ముప్పై ఏళ్లపాటు సొంత పనులు మానుకుని పరేడ్ నడిపిన ఇరుగుపొరుగువారు ఒక్కసారిగా ఎందుకు చేతులెత్తేయవలసి వచ్చిందో ఆ ఉత్తరాలలో ఎక్కడా లేదు. ఆ సంగతి మీ ముందుంచడానికే ఈ లేఖ. ఇంగ్లీషు అర్జీలు ఇదివరకే మీ దగ్గర ఉన్నాయి. షికాగో శివారు ఊళ్లయిన నేపర్‌విల్, అరోరా, షామ్‌బర్గ్ వైపు ఉంటున్న మా తెలుగువాళ్లు కూడా చదివి సంతకాలు చేయాలన్న కోరికతో దీన్ని తెలుగులో రాసి, అనువాదం జతచేసి మీకు పంపుతున్నాను.

ఈ పరేడ్ ఏ వ్యాపార సంస్థో, ఏ రాజకీయ పక్షమో మొదలుపెట్టింది కాదు. 1950లలో 79వ వీధిలో సౌత్ సైడ్ ఐరిష్ కుటుంబాలకు సొంత పరేడ్ ఉండేది. తర్వాత అది డౌన్‌టౌన్‌కు తరలిపోయింది. చిన్నతనంలో ఆ వీధి పక్కన నిలబడి పరేడ్ చూసినవారు పెద్దవారై, ఆ సంబరం తమ పిల్లలకు లేకుండా పోయిందని బాధపడి, 1979లో వాష్టెనా, టాల్మన్ వీధుల పిల్లలు 17 మందిని వెంటబెట్టుకుని తమ ఇళ్ల చుట్టూ ఒక చిన్న ఊరేగింపు తీశారు. పసిపిల్లల తోపుడు బండికి అట్టపెట్టె తొడిగి, దాని మీద సెయింట్ పాట్రిక్ బొమ్మ అంటిస్తే, ఆ మొదటి ఏడాదికి అదే రథం. రెండేళ్లు తిరిగేసరికి, 1981లో, పరేడ్ వెస్టర్న్ అవెన్యూకు చేరింది. ఆ తర్వాత 103వ వీధి నుంచి 115వ వీధి దాకా ఒకటిన్నర మైళ్ల పొడవునా జనం నిలబడే స్థాయికి పెరిగింది. అంటే సౌత్ సైడ్ ఐరిష్ కుటుంబాలు ఒకసారి పోగొట్టుకున్న పరేడ్‌ను తమ చేతులతో తామే తిరిగి తెచ్చుకున్నాయి, ఇప్పుడు రెండోసారి పోగొట్టుకున్నాయి. మొదటిసారి పోయినప్పుడు తిరిగి రావడానికి దాదాపు ఒక తరం పట్టింది. ఈసారి కూడా అంతకాలం ఆగమంటే, నా పిల్లలతో కలిసి చదువుకున్న పిల్లలు ఈ పరేడ్‌ను ఫొటోల్లో మాత్రమే చూస్తారు.

ఆ ఆదివారాలు ఎలా ఉండేవో కాగితాల మీద పని నడిపేవారికి తెలిసే అవకాశం తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెప్పనివ్వండి. మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆమె భర్త అగ్నిమాపక దళంలో పనిచేసి రిటైరయ్యారు, ఇప్పుడు లేరు. పరేడ్ రోజు తెల్లవారగానే ఆవిడ నాలుగు మడత కుర్చీలు తెచ్చి వెస్టర్న్ అవెన్యూ అంచున వేసి, గాలికి కొట్టుకుపోకుండా తాడుతో దీపస్తంభానికి కట్టి, తిరిగి ఇంటికి వెళ్లి సోడా బ్రెడ్ కాల్చేవారు. ఎండుద్రాక్ష వేసిన ఆ రొట్టెను వేడివేడిగా కోసి, వెన్న దట్టంగా రాసి, గుమ్మంలోకి ఎవరు వచ్చినా చేతిలో పెట్టేవారు. మేము ఈ వీధికి కొత్తగా వచ్చిన మొదటి మార్చిలో, మేము మాంసం తినమని ఎవరు చెప్పారో ఏమో, కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరబెట్టిన గొడ్డు మాంసం) పళ్లెం పక్కకు పెట్టి మాకోసం ఉడికించిన క్యాబేజీ, బంగాళాదుంపలు విడిగా తీసి ఉంచారు. పరేడ్ వచ్చేటప్పుడు ముందుగా పెద్ద డ్రమ్ము మోత వినిపించేది, తర్వాత బ్యాగ్‌పైపులు. వాటి వెనక గిరజాల విగ్గులు పెట్టుకున్న ఆడపిల్లలు చేతులు ఒంటికి ఆనించి పాదాలతోనే నాట్యం చేస్తూ వచ్చేవారు. ఆ తర్వాత ఒక్కొక్క కుటుంబం తమ ఇంటిపేరు రాసిన బ్యానరు పట్టుకుని, తాతమ్మల నుంచి చంటిపిల్లల దాకా అందరితో నడిచేది. నగర ఉద్యోగులు నగరం హద్దుల్లోనే ఉండాలన్న నిబంధన వల్ల పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, బడి పంతుళ్లు చాలామంది మా పేటలోనే ఇళ్లు కట్టుకున్నారు. మిగతా ఏడాదంతా మీ నగరాన్ని కాపాడేది ఆ కుటుంబాలే.

ఇక 2009 సంగతి. మధ్యాహ్నం మొదలయ్యే పరేడ్‌కు ఉదయం నుంచే రైళ్లలోనూ, అద్దె బస్సులలోనూ మా పేటతో ఏ సంబంధమూ లేని కుర్రకారు దిగడం ఆ ఏడాది కొత్త కాదు. ఏటా పెరుగుతూనే వచ్చింది, ఏటా మేము చెబుతూనే వచ్చాము. దిగేటప్పటికే చాలామంది తాగి ఉన్నారు. చేతుల్లో బీరు డబ్బాలు, వీపున సంచులలో మరికొన్ని. జనం 3 లక్షలు దాటారని అప్పట్లో అంచనా వేశారు. అందులో పరేడ్ చూడటానికి వచ్చినవారు ఎందరో, తాగడానికి చోటు దొరికిందని వచ్చినవారు ఎందరో అక్కడున్న మా అందరికీ కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఇళ్ల మధ్య సందుల్లో, పూలపాదుల్లో, కంచెల మీద మూత్రం పోశారు. నేను చెప్పిన పెద్దావిడ కుర్చీల తాడు తెంపేసి, వాటి మీదెక్కి నిలబడి విరగ్గొట్టారు. ఆవిడ గుమ్మం మెట్ల మీద ఎవరో వాంతి చేసుకుని అక్కడే పడిపోతే, మనవరాలిని లోపలికి లాగి తలుపు గడియపెట్టుకుని సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఆ రోజు ఆవిడ పరేడ్ చూడలేదు. వీధి పక్కన పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని నిలబడిన తల్లిదండ్రులు సగంలోనే ఇళ్లకు వెళ్లిపోయారు. అదుపు చేయబోయిన పోలీసుల మీద కూడా చేయిచేసుకున్నారు. 50 మందికి పైగా అరెస్టయ్యారు.

బహిరంగ వీధిలో మద్యం తాగడం షికాగోలో అప్పటికే నిషిద్ధం. కొత్త చట్టం ఏదీ అవసరం లేదు. ఉన్న నిబంధనను ఉదయం మొదటి డబ్బా తెరిచినప్పుడే అమలు చేసి ఉంటే, మధ్యాహ్నానికి అంత దూరం వచ్చేది కాదు. కానీ ఆ పని ఉచితంగా పనిచేసే ఇరుగుపొరుగువారి సంఘం చేయగలదా? బృందాలను వరుసలో నిలబెట్టగలరు, చందాలు పోగుచేయగలరు, పరేడ్ అయ్యాక వీధి ఊడ్చగలరు. తాగి తూలుతున్న వేలమందిని రైలు దిగకముందే ఆపడం, బస్సులను పేట బయటే నిలిపివేయడం, దుకాణాల్లో మద్యం అమ్మకాల మీద కన్నేయడం నగరం చేతిలో, పోలీసు శాఖ చేతిలో ఉన్న పనులు. ఎవరికైనా ప్రాణాపాయం జరిగితే బాధ్యత తమ నెత్తిన పడుతుందని భయపడి ఆ సంఘంవారు తప్పుకుంటే, వారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వారు తప్పుకున్నారు కదా, ఇక మాకు సంబంధం లేదు అని మీ కార్యాలయం అనడమే నాకు మింగుడుపడటం లేదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పుపెట్టుకున్నట్టు అయింది మా పని. తాగి గొడవ చేసినవారు మరుసటి ఏడాది మరో చోట తాగి ఉంటారు, వారికి పోయింది ఏమీ లేదు. పోయినదంతా ఆ పెద్దావిడకు, ఆవిడ మనవరాలికి, మా పేటకు.

పెద్ద జనసమూహాలను సంభాళించడం ఈ నగరానికి చేతకాదని ఎవరన్నా నేను ఒప్పుకోను. 1929 నుంచి సౌత్ సైడ్‌లోనే ఆఫ్రికన్ అమెరికన్ల బడ్ బిలికెన్ పరేడ్ జరుగుతోంది, అక్కడికి వచ్చే జనం తక్కువేమీ కాదు. 1962 నుంచి ఏటా సెయింట్ పాట్రిక్స్ డేకు షికాగో నదికి ఆకుపచ్చ రంగు వేస్తున్నారు, డౌన్‌టౌన్ పరేడ్ నడుస్తోంది, అక్కడా తాగి వచ్చేవారు ఉన్నారు. అక్కడ పోలీసులను పెంచుతారు, కంచెలు వేస్తారు, వచ్చే ఏడాదికి తేదీ ప్రకటిస్తారు. హోటళ్లూ పర్యాటకులూ ఉన్నచోట దొరికే శ్రద్ధ, మామూలు కుటుంబాలు ఉండే మా వెస్టర్న్ అవెన్యూకు ఎందుకు దొరకలేదని అడుగుతున్నాను. ఇది ఆక్షేపణగా కాక, సమాధానం కావాలన్న ఆశతోనే అడుగుతున్నాను.

ఐరిష్ వాళ్ల ఊరేగింపు పోతే మీకెందుకంత బాధ అని మావాళ్లు కొందరు నన్ను అడిగారు. నేను పుట్టింది చిత్తూరు జిల్లా మదనపల్లెలో. అనీబిసెంట్ పేరు మీద ఉన్న మా ఊరి కాలేజీకి ఐర్లండ్ నుంచి వచ్చిన జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చి, ఇప్పుడు మన జాతీయగీతంగా ఉన్న తమ గీతాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు, దాని బాణీకి స్వరలిపి కట్టింది కజిన్స్ భార్య మార్గరెట్. పరాయి నేల మీద ఉన్నవారి పాటను తమ పాటగా భావించి పనిచేసిన ఐరిష్ దంపతుల ఊరివాణ్ణి నేను. ఆగస్టులో, భారతీయుల దుకాణాలుండే డెవాన్ అవెన్యూ మీద మన స్వాతంత్ర్య దినోత్సవ పరేడ్‌లో నా పిల్లలు జెండా పట్టుకుని నడిచినప్పుడు, మా పేట ఐరిష్ కుటుంబాలు కారు వేసుకుని అంత దూరం ఉత్తరానికి వచ్చి చప్పట్లు కొట్టాయి. రేపు డెవాన్‌లో ఎవరో తాగి గొడవ చేస్తే, మన పరేడ్ కూడా ఇంతే తేలిగ్గా ఆగిపోతుంది. సంతకాలు చేయడానికి వెనకాడుతున్న తెలుగువారు ఈ సంగతి ఆలోచించాలని నా మనవి.

అయ్యా, మేము అడుగుతున్నది ఎక్కువేమీ కాదు. నగరం తరఫున మీరు పిలవండి. నిర్వాహక సంఘాన్ని, పోలీసు శాఖను, రైళ్లు నడిపే సంస్థను, వెస్టర్న్ అవెన్యూ వ్యాపారులను, మా పేటవాసులను ఒక గదిలో కూర్చోబెట్టండి. వీధిలో మద్యం కనిపిస్తే ఉదయం నుంచే వదిలిపెట్టేది లేదని నగరం రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. తాగినవారిని మోసుకొచ్చే బస్సులను పేటలోకి రానివ్వకూడదు. పరేడ్ కొంచెం చిన్నదైనా ఫరవాలేదు, టీవీ కెమెరాలు రాకపోయినా ఫరవాలేదు, గంటలోపే ముగిసినా ఫరవాలేదు. ఖర్చు సమస్య అయితే ఆ మాటైనా స్పష్టంగా చెప్పండి, చందాలు ఎత్తడం మా పేటకు చేతనైన పని. వద్దన్నా సరే, ఎందుకు వద్దో చెప్పండి. ఏమీ చెప్పకుండా ఏళ్లు దాటించవద్దు. సంఘంలో పనిచేసినవారు వయసు మళ్లుతున్నారు, బ్యానర్లు కుట్టిన చేతులు, బృందాలతో మాట్లాడిన గొంతులు మరికొన్నేళ్లు పోతే మాకు దొరకవు. అప్పుడు మీరు అనుమతి ఇచ్చినా నడిపేవారు ఉండరు.

ఈ ఏడాదికి సమయం మించిపోయిందని మాకు తెలుసు. 2012లో సెయింట్ పాట్రిక్స్ డేకు ముందు ఆదివారం మార్చి 11న వస్తుంది. అనుమతులకు, బందోబస్తుకు, చందాలకు చాలినంత గడువు ఉండాలంటే ఈ వేసవి దాటకముందే మొదటి సమావేశం జరగాలి. మా అర్జీ అందినట్టు తెలిపే ఉత్తరం ఇక వద్దు, ఆ సమావేశం ఏ రోజున, ఎక్కడ జరుగుతుందో తెలియజేయండి.

ఇట్లు,
భవదీయుడు,
మోర్గాన్ పార్క్ వాసి, మదనపల్లెలో పుట్టినవాడు
షికాగో, ఫిబ్రవరి 2011