క్రాంజీ కొండ మీద మా తాతయ్య పేరు వెతికిపెట్టిన టాక్సీ అంకుల్‌కి

నిన్న రాత్రే సింగపూర్ నుంచి వచ్చా, కాళ్ళు ఇంకా లాగుతున్నాయి, నిద్ర లేదు, అయినా ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పటికీ రాయలేను.

మా తాతయ్య మద్రాస్ శాపర్స్‌లో, అంటే బ్రిటిష్ ఇండియా సైన్యపు ఇంజనీర్ల దళంలో, సిపాయి. 1942లో ఆచూకీ లేదని నాన్నమ్మకి ఒక్క కాగితం వచ్చింది, అంతే. తిథి తెలీక నాన్న ఇన్నేళ్ళూ మహాలయ అమావాస్యకే తర్పణాలు వదిలారు.

సింగపూర్‌లోని క్రాంజీ వార్ సిమెట్రీలో, రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన సైనికులవి 4,400కి పైగా సమాధులు, ఆఫీసరైనా సిపాయైనా ఒకటే కొలత రాయి, వరసలన్నీ పచ్చగడ్డిలో కొండ పైకి ఎక్కుతూ ఉంటాయి. పైన మెమోరియల్. 1957 మార్చి 2న తెరిచారట, కప్పు విమానం రెక్కలా ఉంటుంది, మధ్యలో సబ్‌మెరైన్ పైభాగంలా ఒక గోపురం, కింద కవాతులో నిలబడ్డట్టు గోడలు. సమాధి కూడా లేని 24,000 మందికి పైగా పేర్లు ఆ గోడల మీదే ఉన్నాయి. అక్కడి రిజిస్టర్‌లో ఎంత వెతికినా మా తాతయ్య పేరు దొరకలేదు. ఇక్కడ మన ఆఫీసు ఒకదానికి మూడేళ్ళలో ఐదు అర్జీలు పెట్టా, "పేరు సరిపోలేదు" అని ఒక్క లైను రాసి పంపారు, మనిషి పోయాడు సార్, పేరులో ఒక అక్షరం తేడా ఉంటే మనిషే లేనట్టా?

ఎండలో మెట్ల మీద కూలబడిపోయా. కిందున్న టాక్సీ అంకుల్, డెబ్భై దాటిన చైనీస్ పెద్దాయన, మీటర్ ఆపేసి పైకొచ్చారు. నాన్నమ్మ కాగితం మీద ఉన్న సిపాయి నంబర్ పట్టుకుని, పేరు సంగతి వదిలేసి, ఒక్కో పేజీ వేలితో తడుముతూ గంటన్నర వెతికారు. దొరికింది! స్పెల్లింగ్ వేరు, నంబర్ అదే. తేదీ 1942 ఫిబ్రవరి 15, సింగపూర్ జపాన్‌కి లొంగిపోయిన రోజు. అంకుల్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు మా న్యూ ఇయర్, ఇంట్లో ఎవరూ పండగ చేసుకోలేదని మా అమ్మ చెప్పేది" అన్నారు. గోడ దగ్గరికి తీసుకెళ్ళి, తన బాటిల్‌లో నీళ్ళు ఆ అక్షరాల మీద మెల్లగా పోశారు. రాయి తడిసి పేరు నల్లగా తేలింది. నేను ఆయన భుజం మీద పడి ఏడ్చేశా. డబ్బులు ఎంత ఇచ్చినా పుచ్చుకోలేదు.

వాళ్ళ న్యూ ఇయర్ అమావాస్యకే కదా అని ఫోన్‌లో అడిగితే మా పంతులుగారు పాత పంచాంగం తీసి చూశారు, మాఘ బహుళ అమావాస్య. నాన్నకి చెప్తే ఫోన్‌లో చాలాసేపు ఏం మాట్లాడలేదు.

నాన్న, మా ఆవిడ, తమ్ముడు అందరూ తలా చెయ్యి వేశారు, వాళ్ళకి వేరే చెప్పేదేముంది. అంకుల్, పేరైనా అడగలేదు మిమ్మల్ని, క్షమించండి.

అయ్యో, ఇంకొకళ్ళు, ఎండకి కళ్ళు తిరుగుతుంటే గొడుగు ఇచ్చిన తోటమాలి అన్నకి, రూమ్ ఇచ్చిన మా ఊరి కుర్రాళ్ళకి కూడా చాలా థాంక్స్, గొడుగు మాత్రం పొరపాటున నాతోనే వచ్చేసింది, కొరియర్ చేస్తా.