సైరన్ మోగితే ఎటు పరిగెత్తాలో చెప్పండి మంత్రిగారూ

గౌరవనీయులైన కార్మిక, ఫ్యాక్టరీల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాది విశాఖ దగ్గర మందుల కంపెనీలుండే పరవాడ ఫార్మాసిటీ ప్రహరీకి దగ్గర్లోని ఊరు. ఇప్పటిదాకా రాసినవన్నీ అర్జీలు. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తాం, నంబరు ఇస్తారు, కొన్నాళ్లకు "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఏం పరిష్కరించారో మాకు తెలీదు, అడిగితే మళ్లీ అర్జీ పెట్టమంటారు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అసెంబ్లీ నడిచే రోజుల్లో మావాళ్లు ఫోన్‌లో పెట్టుకుని చూస్తుంటారు. ఫ్యాక్టరీ ప్రమాదాల మీద ఎవరైనా సభ్యులు లేచారంటే సౌండ్ పెంచుతారు. ఏ పార్టీ ఎమ్మెల్యే అయినా అడిగేది ఇంచుమించు ఒకటే: ప్రమాదాలు ఎందుకు ఆగడం లేదు, చుట్టుపక్కల ఊళ్ల సంగతేంటి? ఏ పార్టీ మంత్రి అయినా చెప్పేదీ ఒకటే: తనిఖీలు చేశాం, నోటీసులిచ్చాం, కమిటీ వేశాం, పరిహారం ఇచ్చాం. చుట్టుపక్కల ఊళ్ల మాట ఎక్కడ జారిపోతుందో గానీ జవాబులో కనపడదు. సభ్యులు అనుబంధ ప్రశ్న వేయబోతే టైమ్ అయిపోతుంది.

పరిహారం గురించి నాకు పేచీ లేదండి. 2020లో విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ గ్యాస్‌కు 12 మంది చనిపోతే కుటుంబానికి కోటి ప్రకటించారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా మందుల కంపెనీలో పేలుడుకు 17 మంది పోతే అప్పుడూ కోటే. ప్రభుత్వం మారింది, కోటి మారలేదు. పోయాక ఎంత ఇవ్వాలో మీరు బాగా తేల్చుకున్నారు. పోకుండా ఉండాలంటే మేమేం చేయాలో కూడా ఎవరైనా తేల్చి చెప్తే బాగుంటుంది.

నా గొడవంతా సైరన్ గురించి. మాకు సైరన్లు కొత్త కాదు. షిఫ్ట్ మారేటప్పుడు ఒకటి మోగుతుంది, టెస్టింగ్ అని ఒకటి, ఎందుకో తెలియకుండా ఇంకొకటి. ఏది దేనికో మాకు ఎవరూ చెప్పలేదు. పోయిన వానాకాలంలో ఒక రాత్రి అందరూ నిద్రలో ఉండగా మోగింది. వెనకే కుళ్లిన కోడిగుడ్ల కంపు. మా అమ్మ లేచి ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంది. ఆమెకు ఎవరూ నేర్పలేదు, వెంకటాపురం గ్యాస్ అప్పుడు టీవీలో చూసి గుర్తుపెట్టుకుంది. పక్కింటివాళ్లు తలుపులూ కిటికీలూ బిగించుకుని లోపలే కూర్చున్నారు. ఎదురింటాయన పెళ్లాం పిల్లల్ని బండెక్కించుకుని లంకెలపాలెం జంక్షన్ వైపు పోయాడు. నేను గాలి ఎటు కొడుతోందో చూద్దామని మేడెక్కాను. ఎవరికి తోచింది వాళ్లు చేశాం. ఎవరు చేసింది కరెక్టో ఇప్పటికీ తెలీదు.

కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీని అడిగితే "ఏం లేదండి, పడుకోండి" అన్నాడు. తెల్లారాక సంబంధిత ఆఫీసుకు ఫోన్ చేస్తే "ఏ కంపెనీయో చెప్పండి, అప్పుడు చూస్తాం" అన్నారు. ఏ కంపెనీయో మేమే వాసన చూసి చెప్పాలన్నమాట!

ఆ కంపు వస్తే మాకు టెన్షన్ ఎందుకో మీకు తెలుసు. 2020 జూన్‌లో ఇదే ఫార్మాసిటీలో, అదే కోడిగుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ లీకై ఇద్దరు చనిపోయారు. మా తమ్ముడు ఇక్కడే కాంట్రాక్టు మీద, రసాయనాలు కలిపే రియాక్టర్ దగ్గర పని చేస్తాడు. ఆ గ్యాస్ ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదట. అంటే కంపు తగ్గితే గ్యాస్ పోయిందనుకోవాలో, ముక్కు పోయిందనుకోవాలో కూడా మాకు తెలియదు. కొన్ని గ్యాస్‌లు నేలబారున పాకుతాయట, అమోనియా లాంటివి పైకి లేస్తాయట. దేనికి మేడెక్కాలి, దేనికి తలుపులేసుకోవాలి, దేనికి ఊరొదిలి పోవాలి? పోతే ఏ రోడ్డున పోవాలి?

ఇవేవీ నా సొంత కోరికలు కావు సార్. భోపాల్ గ్యాస్ ప్రమాదం అయ్యాక 1989లో కేంద్రం ప్రమాదకర రసాయనాల నిబంధనలు తెచ్చింది. గేటు బయట ఏం చేయాలో జిల్లా యంత్రాంగం ప్లాన్ రాసిపెట్టుకోవాలి, ఏడాదికి ఒక్కసారైనా దాన్ని రిహార్సల్ చేయాలి, ప్రమాదం తగిలే జనానికి ముందే చెప్పాలి అని అందులోనే ఉంది. ఆ ప్లాన్ చూపించమని అడిగితే ఒక ఆఫీసులో ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడికి పోతే "అది బయటకు ఇచ్చేది కాదు" అన్నారు. మమ్మల్ని కాపాడే ప్లాన్ మాకే రహస్యమైతే కాపాడేది ఎవర్నండీ?

మాక్ డ్రిల్ మాత్రం జరుగుతుంది, కాదనను. హెల్మెట్లు పెట్టుకున్న నలుగురు ఒక మనిషిని స్ట్రెచర్ మీద మోసుకొస్తారు, అంబులెన్స్ చక్కర్లు కొడుతుంది, అధికారులు చప్పట్లు కొడతారు, మర్నాడు పేపర్లో ఫొటో. అంతా గేటు లోపలే. బయట నిలబడి చూస్తున్న మమ్మల్ని దూరం జరగమంటారు. నిజంగా గ్యాస్ వచ్చిన రోజు ఎంత దూరం జరగాలో మాత్రం చెప్పరు.

సైరన్ మీద ఇంత రాద్ధాంతం ఎందుకంటారేమో. ఆర్.ఆర్. వెంకటాపురంలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటుండీ ఒక్కచోట కూడా నొక్కలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే 2020 జులైలో రాసి ఇచ్చింది. తెల్లవారుజామున నిద్రలో ఉన్న ఊరు అది. లేచినవాళ్లు ఎటు పోవాలో తెలియక రోడ్ల మీద, కాలవ గట్ల మీద పడిపోయారు. ఆ నివేదిక వచ్చాక మా ఊళ్లలో ఏం మారిందో ఒక్కటి చూపించండి. అచ్యుతాపురం సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలి) 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి గ్యాస్ లీకై బట్టలు కుట్టే ఆడపిల్లలు వందలమంది వాంతులతో ఆసుపత్రుల పాలయ్యారు. రెండు నెలలు తిరక్కుండా రెండోసారి! ఎసెన్షియా పేలాక ఇంకో కమిటీ. కమిటీలకు మన దగ్గర ఎన్నడూ లోటు రాలేదు. ఫార్మాసిటీని ఆనుకునే ఉన్న తాడి ఊరిని తరలిస్తామన్న మాట ఎంతమంది నోట విన్నామో ఇక్కడ ఎత్తను, అది మొదలుపెడితే ఈ లేఖ తెమలదు.

ఫ్యాక్టరీలు మూసేయమని నేను అడగడం లేదు. మా ఇంటి లోను కిస్తీ మా తమ్ముడి జీతం మీదే నడుస్తోంది. వాడు నైట్ షిఫ్ట్‌కు పోయినప్పుడు ఏ చప్పుడైనా మా అమ్మ ముందు వాడికే ఫోన్ చేస్తుంది. లోపల ఫోన్లు పట్టుకెళ్లనివ్వరు. తెల్లారి వాడు గేటు దాటేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

దయచేసి, చేతులు జోడించి అడుగుతున్నాను. ఏ కంపెనీలో ఏముందో, అది లీకైతే ఏం చేయాలో గేటు బయట తెలుగులో బోర్డు పెట్టించండి. ప్రమాదం సైరన్ వేరే, షిఫ్ట్ సైరన్ వేరే అని ఊరంతటికీ వినిపించి చెప్పించండి. రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబర్ ఒకటివ్వండి. కాలినవాళ్లను అనకాపల్లికో విశాఖకో మోసుకుపోయే లోపు చూసే వార్డు దగ్గర్లో ఒకటుండాలి. ఆ ప్లాన్ కాగితం మాకూ ఒకటివ్వండి. ముసలివాళ్లున్న ఇళ్లకు వచ్చే బండి ఎవరిదో అందులో రాసి ఉంటే అదైనా చెప్పండి, లేకపోతే రాయించండి.

వచ్చే సమావేశాల్లో ఎవరో ఒక ఎమ్మెల్యే మళ్లీ ఈ ప్రశ్న వేస్తారు. అప్పుడు తనిఖీల లెక్క చదవకండి. ప్రహరీ బయట ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరు వచ్చి మాకు చెప్పారో చదవండి. ఎవరూ రాకపోతే రాలేదనే చెప్పండి. రికార్డుల్లో ఉంటుంది.

ఇట్లు,
పరవాడ మండలం నుంచి ఒక గ్రామస్థుడు