ఇకపై మా ప్రయాణ పత్రాలలో ప్రతి ఫోన్ నంబరూ ప్లస్ గుర్తుతోనే

మా ద్వారా విదేశీ ప్రయాణాలు ఏర్పాటు చేసుకుంటున్న వారందరికీ నమస్కారం. బయలుదేరే ముందు మేము మీ చేతికిచ్చే పత్రాలలో హోటళ్ల నంబర్లు, అక్కడి గైడ్ల నంబర్లు, మా ఆఫీసు నంబరు ఉంటాయి. వాటిని ఇంతవరకు ఆయా సంస్థలు పంపిన రూపంలోనే ముద్రిస్తూ వచ్చాము. ఇకపై అన్నింటినీ ఒకే పద్ధతిలో, అంటే మొదట ప్లస్ గుర్తు, తర్వాత దేశం కోడ్, ఆపైన మిగిలిన నంబరు వచ్చేలా ముద్రిస్తాము. ప్రయాణం మధ్యలో మాకు వచ్చే ఫిర్యాదులలో "ఫోన్ కలవడం లేదు" అన్నదే ఎక్కువ. విచారిస్తే, చాలాసార్లు నంబరు సరైనదే అయినా ముందున్న అంకెల దగ్గరే చిక్కు వచ్చినట్టు తేలుతోంది.

ఒక దేశం నుంచి మరో దేశానికి ఫోన్ చేసేటప్పుడు, మీరున్న దేశం నుంచి బయటికి వెళ్లడానికి ఒక కోడ్ ముందుగా నొక్కాలి. ఐరోపాలో చాలా దేశాలలో అది 00, అమెరికా, కెనడాలలో 011, ఆస్ట్రేలియాలో 0011, జపాన్‌లో 010. ఒకే ప్రయాణంలో మూడు దేశాలు తిరిగేవారు ఇవన్నీ గుర్తుపెట్టుకోనక్కరలేదు, ఎందుకంటే ప్లస్ గుర్తు పెడితే మీ మొబైల్ నెట్‌వర్కే అక్కడికి తగిన కోడ్‌ను చేర్చుకుంటుంది. చాలా ఫోన్లలో సున్నాను కాసేపు నొక్కి ఉంచితే ప్లస్ వస్తుంది. ఆ రూపంలో భద్రపరచిన నంబరు ఇంటి నుంచి చేసినా, విదేశం నుంచి చేసినా కలుస్తుంది.

అసలు గందరగోళమంతా సున్నాతోనే. లండన్ హోటళ్ల లెటర్‌హెడ్‌ మీద +44 (0)20 అని, ఆ తర్వాత ఎనిమిది అంకెలు తరచుగా కనిపిస్తాయి. బ్రాకెట్లలోని ఆ సున్నా బ్రిటన్ లోపల నుంచి ఫోన్ చేసేవారి కోసం ఉద్దేశించినది. +44 నొక్కిన తర్వాత దాన్ని వదిలేసి నేరుగా 20కి వెళ్లాలి. రెండూ కలిపి నొక్కితే ఫోన్ కలవకపోవచ్చు. జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, ఆస్ట్రేలియా నంబర్లకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. అలాగని మొదటి సున్నాను ప్రతిచోటా తీసేయడానికి వీల్లేదు. ఇటలీ ల్యాండ్‌లైన్లలో సున్నా నంబరులో భాగమే, కాబట్టి రోమ్‌లోని హోటల్‌కు +39 06 అనే మొదలుపెట్టాలి. అర్జెంటీనా మరీ విచిత్రం: అక్కడివారు మొబైల్ నంబరును 15 చేర్చి చెబుతారు, బయటి దేశం నుంచి చేసేటప్పుడు ఆ 15ను తీసేసి +54 తర్వాత 9 చేర్చాలి. ఇలాంటి మినహాయింపులు మీ నెత్తిన పడకుండా చూడడానికే నంబర్లను మేమే సరిచేసి, బ్రాకెట్లు లేకుండా ఇస్తున్నాము.

హోటల్ గదిలోని ఫోన్‌కు మాత్రం ఈ సౌకర్యం ఉండదు, దాని మీద ప్లస్ మీటే ఉండదు. ముందు బయటి లైను కోసం రిసెప్షన్ వారు చెప్పిన అంకె, తర్వాత ఆ దేశపు బయటి కోడ్, ఆ తర్వాతే దేశం కోడ్ నొక్కాలి. హోటళ్లు ఈ కాల్స్‌కు తమ రుసుము కూడా కలుపుతాయి కనుక, వేరే దారి లేనప్పుడే ఆ ఫోన్ వాడమని మా సలహా.

మా టోల్‌ఫ్రీ నంబరు గురించి ఉన్నమాట చెప్పాలి. అది దేశం దాటితే పనిచేయదు. విదేశాల నుంచి కూడా ఉచితంగా కలిసే నంబరును నిర్వహించడం మాలాంటి చిన్న సంస్థకు తలకు మించిన భారం. అందువల్ల పత్రాలలో ఆఫీసు మామూలు నంబరునే ఇస్తున్నాము, ఆ కాల్ ఖర్చు మీదే అవుతుంది. బ్యాంకుల టోల్‌ఫ్రీ నంబర్లదీ చాలావరకు ఇదే పరిస్థితి. విదేశాల నుంచి చేయవలసిన నంబరును అనేక బ్యాంకులు కార్డు వెనుక విడిగా ముద్రిస్తాయి. కార్డు పోయాక అది కనిపించదు కాబట్టి, ముందే ఫోన్‌లో భద్రపరచుకోండి.

బిల్లు చూశాక మా వద్దకు వచ్చే మరో ప్రశ్న, ఎత్తని కాల్‌కు డబ్బులెందుకు పడ్డాయని. వాయిస్‌మెయిల్‌కు మళ్లింపు పెట్టుకున్నవారు రోమింగ్‌లో ఉండగా కాల్ ఎత్తకపోతే, అది విదేశానికి వచ్చి మళ్లీ స్వదేశంలోని వాయిస్‌మెయిల్‌కు వెళుతుంది. కొన్ని కంపెనీలు ఆ రెండు ప్రయాణాలకూ వసూలు చేస్తాయి. బయలుదేరే ముందు ##002# నొక్కి కాల్ బటన్ ఒత్తితే చాలా నెట్‌వర్కులలో మళ్లింపులన్నీ రద్దవుతాయి. తెలియని విదేశీ నంబరు నుంచి ఒక్క రింగుతో ఆగిపోయిన కాల్స్‌కు తిరిగి ఫోన్ చేయకండి. ఎక్కువ రేటున్న నంబర్లకు మీ చేత చేయించే మోసం అది. +1తో మొదలైనంత మాత్రాన అమెరికా నంబరే అనుకోవద్దు, కెనడా, జమైకా వంటి దేశాలకూ అదే కోడ్.

ఇప్పటికే పాత పత్రాలు తీసుకున్నవారికి కొత్తవి ఉచితంగా పంపుతాము. అందగానే నంబర్లను ఫోన్‌లోకి ఎక్కించుకుని, బయలుదేరేలోగా అందులోని మా ఆఫీసు నంబరుకు ప్లస్ రూపంలోనే ఒకసారి ఫోన్ చేసి చూడండి. కలవకపోతే ఎక్కడ తేడా ఉందో కలిసి చూసి సరిచేస్తాము.