రోబో మీద మన చెయ్యి పడకూడదు బావా

బావా,

నీ మెసేజ్ చూశాను. "స్కూల్లో అటల్ ల్యాబ్ ఉంది, పిల్లలు ఎగిరి గంతేస్తున్నారు, ఏ రోబో పోటీకి పంపమంటావ్?" అని ఒక్క లైన్లో అడిగేసి ఊరుకున్నావు. అటల్ ల్యాబంటే కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చి స్కూళ్ళలో పెట్టించే ప్రయోగాల గదేగా. దీనికి వాయిస్ మెసేజ్ పెడితే నువ్వు సగంలో ఆపేస్తావని నాకు తెలుసు. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో.

ఇక్కడ డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆగస్టు వచ్చిందంటే బతుకమ్మ ప్రాక్టీసులతో పాటు ఎఫ్ఎల్ఎల్ హడావిడి కూడా మొదలవుతుంది. ఫస్ట్ లెగో లీగ్ అన్నమాట, పిల్లలు లెగో ముక్కలతో రోబో కట్టి ఆడే పోటీ. కారు బయట ఎండలోకి, రోబో తిరిగే 8 అడుగుల పొడవు 4 అడుగుల వెడల్పున్న బల్ల గరాజ్‌లోకి. మా ఆవిడకి ఆ బల్లంటే ఒళ్ళు మంట, ఆ గొడవ ఇప్పుడెందుకులే. ఈ పోటీ పెట్టే ఫస్ట్ అనే సంస్థని డీన్ కేమెన్ అనే ఆవిష్కర్త 1989లో పెట్టాడు. 1992లో హైస్కూలు పిల్లలకి పెద్ద పెద్ద రోబోలతో పోటీ మొదలైంది. చిన్నపిల్లల లెగో పోటీ ఆ తర్వాత కొన్నేళ్ళకి వచ్చింది.

ఆట రెండున్నర నిమిషాలు. రిమోట్ ఉండదు. పిల్లలు రాసిన ప్రోగ్రామే రోబోని నడపాలి, బల్ల మీదున్న నమూనాలని తొయ్యాలి, లేపాలి, మోసుకురావాలి. మధ్యలో ఎక్కడైనా ఇరుక్కుంటే చేత్తో తీసుకోవచ్చు గానీ ఒక టోకెన్ పోతుంది. మేము ఆడిన సీజన్లో ఆరు టోకెన్లుండేవి. మిగిలిన టోకెన్లని బట్టి పాయింట్లు. మొదటిది పోయినా 50 పాయింట్లకి ఢోకా లేదు. రెండోది పోతే 35కి, మూడోది పోతే 25కి పడిపోతాం. పిల్లలకి అక్కడ వచ్చే టెన్షన్ మనకి పదో తరగతి రిజల్టు రోజున కూడా రాలేదు.

నీకు ఒక్క సంగతి వివరంగా చెప్పాలి. మొదటి రౌండ్లో మా పిల్లల రోబో ఇంటి దగ్గర వెళ్ళినట్టు వెళ్ళలేదు. బయల్దేరడం బాగానే బయల్దేరింది, దూరం పోయేకొద్దీ కొంచెం ఎడమకి వాలింది. అవతల చివరకి చేరేసరికి, తన చెయ్యితో పట్టుకోవాల్సిన మీటకి బెత్తెడు దూరంలో నిలబడి గాలిని ఎత్తింది. పిట్‌లోకి, అంటే టీములు రోబోలు సర్దుకునే చోటుకి వచ్చాక ఒకడు చక్రాలకి దుమ్ము పట్టిందన్నాడు, తడిగుడ్డతో తుడిచారు. అయినా అంతే. ఇంకొకడు బ్యాటరీ ఛార్జింగ్ తగ్గిందన్నాడు. అది నిండుగానే ఉంది. మా అమ్మాయి ఏమీ అనకుండా నేలమీద బోర్లా పడుకుని, రోబోని బల్లమీద పెట్టే వాడి చేతుల్ని చూస్తూ ఉండిపోయింది. అప్పుడు దొరికింది దొంగ. బటన్ నొక్కాక కూడా వాడు రోబోని సర్దుతున్నాడు. సరిగ్గా అదే క్షణంలో రోబో ఎంత తిరిగిందో కొలిచే లోపలి జైరో సెన్సర్ తన సున్నా కోణం ఎటుందో లెక్కేసుకుంటోంది. అది వంకరగా ఉన్నప్పుడే సున్నా అనుకుంటే ఇక దారంతా వంకరే.

వాళ్ళు చేసిన మందు చూడు. రోబో మొదట వెనక్కి నడిచి బల్ల గోడకి వీపు ఆనించుకుంటుంది. రెండు వైపులా సమంగా తగిలాక కోణాన్ని సున్నా చేసుకుని, అప్పుడు ముందుకి కదులుతుంది. ప్రోగ్రాంలో మూడు బ్లాకులు ఎక్కువయ్యాయి, అంతే. రెండో రౌండ్లో మీట లేచింది. నేను అక్కడే ఉన్నాను, నోరు కుట్టేసుకుని. జైరో సంగతి నాకు ముందే అనుమానం వచ్చింది కూడా. చెప్పి ఉంటే ఆ పావుగంట మిగిలేదేమో గానీ ఆ మందు వాళ్ళది అయ్యేది కాదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మార్కుల్లో ఈ ఆట వాటా పావు వంతే. మిగతా మూడు పావులూ జడ్జిల గదిలో తేలతాయి: రోబోని ఎలా కట్టారు, ఆ ఏడాది ఇచ్చిన అంశం మీద ప్రాజెక్టు ఏం చేశారు, కలిసి ఎలా పనిచేశారు. 2024-25లో అంశం సముద్రం. మాకు సముద్రం కారులో నాలుగైదు గంటల దూరం! ఆ గదిలో కోచ్‌ని మాట్లాడనివ్వరు. "ఈ చెయ్యి ముందు ఎలా ఉండేది? ఎందుకు మార్చారు?" అని జడ్జి అడిగితే, నాన్న కట్టిచ్చిన రోబో ఉన్న టీము బిక్కమొహం వేస్తుంది. మనవాళ్ళలో ఇలాంటి నాన్నలకి కొదవ లేదు. ఐఐటీ కోచింగ్ మనస్తత్వం గరాజ్‌లోకి కూడా వచ్చేసింది బావా, ఏం చెయ్యమంటావ్.

ఇక నీ స్కూలు విషయం. మీ ల్యాబ్‌కి వచ్చే 20 లక్షల్లో 10 లక్షలు సామానుకి, మిగతా 10 లక్షలు ఐదేళ్ళ నిర్వహణకి. సామాను పాడవుతుందని బీరువాకి తాళం వేసి ఉంచారని పోయినసారి అన్నావు. ముందు ఆ తాళం సంగతి చూడు, పోటీ సంగతి తర్వాత. లెగో కిట్లు కొనమని హెడ్మాస్టరు ప్రాణం తియ్యకు. ఈ ఏడాదికి ఏటీఎల్ మారథాన్ చాలు, అటల్ ల్యాబుల పిల్లలకి పెట్టే పోటీ అది. మీ ఊళ్ళో కనపడే సమస్య ఒకటి పట్టుకుని, ల్యాబ్‌లో ఉన్న ఆర్డుయినోతో (ప్రోగ్రాం రాసి మోటార్లూ సెన్సర్లూ నడిపే చిన్న బోర్డు) ఏదో ఒకటి కట్టాలి. నీ ఎనిమిదో తరగతి పిల్లలకి సమస్యలు వెతకడం ఒకరు నేర్పక్కర్లేదు.

వచ్చే ఏడాదికి వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ చూడు. 2004లో సింగపూర్‌లో మొదలైంది, 2016 ఫైనల్ మన ఢిల్లీలోనే జరిగింది. ఇద్దరు ముగ్గురు పిల్లలు చాలు టీముకి. అందులో నాకు బాగా నచ్చేది సర్‌ప్రైజ్ రూల్. పోటీ రోజు పొద్దున్న ఒక కొత్త నియమం చెప్తారు, అప్పటికప్పుడు ప్రోగ్రాం మార్చుకోవాలి. బట్టీ పట్టిన వాడు అక్కడే బోల్తా. రూల్స్ ఏటా మారుతుంటాయి, ఆ ఏడాది పుస్తకం చూసుకో.

ఇంకోటి. టీములో అమ్మాయిల్ని పెట్టి, వాళ్ళ చేతికి చార్టూ స్కెచ్ పెన్నులూ ఇచ్చి, రోబో మాత్రం మగపిల్లలకి అప్పజెప్పే అలవాటు ఇక్కడా ఉంది, అక్కడా ఉంటుంది. 2017లో వాషింగ్టన్‌లో జరిగిన ఫస్ట్ గ్లోబల్ అనే అంతర్జాతీయ రోబో పోటీకి అఫ్ఘానిస్థాన్ హెరాత్ నుంచి వచ్చినది అమ్మాయిల టీమే. వీసా రెండుసార్లు కాదన్నారు. చివరి నిమిషంలో ఒప్పుకుంటే వచ్చి, ధైర్యానికి ఇచ్చే వెండి పతకం పట్టుకెళ్ళారు. స్క్రూడ్రైవర్ మీ అమ్మాయిల చేతికి కూడా ఇవ్వు.

ల్యాబ్‌లో ఉన్న సామాను లిస్టు ఫొటో తీసి పంపు. మోటార్లు ఎన్ని తిరుగుతున్నాయో, ఎన్ని తిరగట్లేదో కూడా రాయి. డిసెంబర్లో వచ్చేటప్పుడు సెన్సర్లూ వైర్లూ తెస్తా. విడి లిథియం బ్యాటరీలు మాత్రం అడగకు, చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వరు, చేతి సంచీలో ఇక చోటు లేదని మా ఆవిడ అంటోంది. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ