వార్షిక నివేదిక 2024–25: గిజిగాడు గూళ్ల సంరక్షణ

గౌరవ సభ్యులకు నమస్కారం. గత జూన్ నుంచి ఈ మే దాకా మన సంఘం చేసిన పనిని నియమావళి ప్రకారం ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. మన ఆశయాలు మీ అందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది మోటబావి ఈత చెట్ల సంగతి. ఆగస్టులో, సరిగ్గా వాటికి వేలాడే గిజిగాడు గూళ్లలో పక్షి పిల్లలున్న రోజుల్లో, చెరువు కట్ట రోడ్డు వెడల్పు కోసం ఆ చెట్లు కొట్టేయడానికి జేసీబీ వచ్చింది. కల్లు గీసే మన సభ్యుడు ఒకాయన పొద్దున్నే ఫోన్ చేయబట్టి సంగతి తెలిసింది. కార్యవర్గం, బడి పిల్లలు, ఆ చెట్లున్న పొలం రైతు కుటుంబం అరగంటలో అక్కడ ఉన్నారు. గొడవ పడలేదు. అడవి పక్షుల గుడ్లనూ గూళ్లనూ కదిలించడం కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట కిందికే వస్తుందని చదివి వినిపించాం. తర్వాత పని చూసే సూపర్‌వైజర్‌ని బావి గట్టు మీదికి పిలిచి కాసేపు చూడమన్నాం. ఆడపక్షి ముక్కున పచ్చటి గొంగళిపురుగుతో వచ్చి, రెక్కలు ముడుచుకుని కింది గొట్టంలోకి దూరింది. గూడంతా ఊగింది, లోపల పిల్లలు ఒక్కసారిగా అరిచాయి. ఆయన అక్కడి నుంచే పైవాళ్లతో మాట్లాడి పనిని అవతలి కొస నుంచి మొదలుపెట్టించాడు. పిల్లలు ఎగిరిపోయాక కొలతలు మళ్లీ తీసి రోడ్డును కాస్త పక్కకు జరిపారు. చెట్లు ఈ రోజుకీ నిలబడి ఉన్నాయి. ఆ రైతు కుటుంబానికి, ఆ సూపర్‌వైజర్‌కి, ఫోన్ చేసిన సభ్యుడికి ఈ సభ తరఫున కృతజ్ఞతలు.

అదే సమయంలో సంబంధిత కార్యాలయానికి పెట్టిన అర్జీకి ఇంతవరకు జవాబు లేదు. చెట్లు కొట్టే ముందు గూళ్లున్నాయో లేదో చూసుకోండి అని ఒక్క మాట కింది సిబ్బందికి చెప్పడానికి బడ్జెట్ అక్కర్లేదు. అయినా ఫైలు కదల్లేదు.

కొత్త సభ్యుల కోసం పక్షి గురించి కొంచెం చెప్పాలి. వానలు పడ్డాక మగ గిజిగాడికి తల మీద పసుపు రంగు, ముఖాన ముదురు గోధుమ రంగు వస్తాయి. మిగతా రోజుల్లో ఆడా మగా రెండూ ఊరపిచ్చుకల్లాగే కనిపిస్తాయి. గూడు కట్టేది మగదే. వరి, చెరకు, రెల్లు ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఆ కొసను పట్టుకుని ఎగిరిపోతుంది. ఆ ఊపుకే పొడవాటి పీచు చీలి వస్తుంది. ఒక్క గూటికి ఇలా వందలసార్లు తిరగాలి. గూడు సగమై హెల్మెట్ ఆకారానికి వచ్చినప్పుడు ఆడపక్షి వచ్చి చూస్తుంది. నచ్చితేనే మగది గుడ్ల గది, గొట్టం పూర్తి చేస్తుంది. మొత్తం పని పద్దెనిమిది రోజుల దాకా పడుతుంది. ఆడది రెండు నుంచి నాలుగు తెల్లటి గుడ్లు పెట్టి పొదుగుతుంటే మగది పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి మరో ఆడపక్షిని పిలుస్తుంది. 1930 ప్రాంతంలో మహారాష్ట్ర తీరాన కిహిం దగ్గర పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఓపికగా కూర్చుని గమనించి లోకానికి చెప్పిన సంగతి ఇది. మన గూళ్ల లెక్కింపులో సగం కట్టిన గూళ్లను, గొట్టం ఉన్న గూళ్లను వేర్వేరుగా రాయమనేది ఇందుకే. సగంలో ఆగిన గూడు కనిపిస్తే పక్షి చచ్చిపోయిందని అనుకోవద్దు.

గూట్లో మిణుగురులతో దీపం పెట్టుకుంటుందన్న మాట బడిలో పిల్లలు మళ్లీ అడిగారు. గూటి లోపలి గోడకు తడి మట్టి ముద్దలు అంటించడం మాత్రం నిజం. రాలిపడిన గూడు విప్పి ఆ మట్టిని చూపించాక వాళ్లకు అదే ఎక్కువ ఆశ్చర్యమైంది.

ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో గిజిగాడు ‘ముప్పు తక్కువ’ వర్గంలోనే ఉంది. ఈ మాట పట్టుకుని ‘ఇంక మన పనేంటి’ అని కొందరు సభ్యులు అడుగుతున్నారు. పసుపు ఛాతీ బంటింగ్ అనే పొలం పక్షి కూడా 2004 ముందు ఇదే వర్గంలో ఉండేది. చైనాలో తిండి కోసం వలలేసి పట్టీ పట్టీ, 2017 నాటికి దాన్ని ‘అత్యంత ప్రమాదం’ వర్గంలోకి నెట్టారు. గిజిగాడి దగ్గరి చుట్టం ఫిన్స్ వీవర్ హిమాలయాల కింది తెరాయి గడ్డిభూముల్లో బతికే పక్షి. అది 2021లో ‘అంతరించే ప్రమాదం’ వర్గంలోకి వెళ్లింది. జాబితా మారేదాకా ఆగితే అప్పుడు చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

మన దగ్గర జరిగేది కళ్ల ముందే ఉంది. తాటి చెట్లు, ఈత చెట్లు పోతున్నాయి, పాత బావులు పూడుస్తున్నారు, గట్ల మీద గడ్డికి కలుపు మందు కొడుతున్నారు. చెట్టు దొరక్క కరెంటు తీగలకు గూళ్లు కడుతున్నాయి. గూళ్లు కోసి షోకేసుల్లో పెట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది దయచేసి మానండి. పాత గూళ్లలో మునియా పిట్టలు కాపురం పెడతాయి. మట్టలు కొట్టే రైతులకు ఒక మనవి: నైరుతి గాలికి చాటుగా చాలా గూళ్లు తూర్పు వైపే ఉంటాయి, ఆ వైపు మట్టల్ని అక్టోబరు దాకా వదిలేయండి.

పంటకు నష్టం లేదని నేను అనను. వరి, జొన్న, సజ్జ గింజలను ఇవి తింటాయి. అయితే పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులు, మిడతలే. గింజ పాలు పోసుకునే రోజుల్లో మంచె, డప్పు, మెరుపు రిబ్బన్లు వాడిన మన సభ్య రైతులు వలలు వేయకుండానే పంట తీసుకున్నారు. వారికి ప్రత్యేక ధన్యవాదాలు.

లెక్కింపు గురించి మాత్రం బాధగానే రాస్తున్నాను. వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్లు చాలా పైకి లేచాయి. ఆదివారం పొద్దున పొలంలో మాత్రం ఎప్పుడూ వచ్చే ఆ నలుగురే. జులైలో మన ఊరి పడమటి వైపు ఎవరూ వెళ్లక ఆ కాగితాలు ఖాళీగా ఉన్నాయి. ఆ వైపు గూళ్లు పెరిగాయో తగ్గాయో ఈ సభకు చెప్పలేకపోవడానికి కారణం అదే. ఎండనక వాననక తిరిగిన ఆ నలుగురికీ, బైనాక్యులర్ ఇచ్చిన మాస్టారికి, టీ పంపిన అక్కలకి, బోర్డులు రాసిచ్చిన పెయింటర్ తమ్ముడికి, గది ఇచ్చిన గ్రంథాలయం వారికి, ఈత మొక్కలు పెంచిన మహిళా సంఘానికి ధన్యవాదాలు.

జమాఖర్చులు ఆడిటర్ చూశారు, కాపీలు వెనక బల్ల మీద ఉన్నాయి. చందా బాకీలున్నవారు ఈ రోజే కోశాధికారిని కలవండి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన రెండు పనులు. చెరువు కట్ట మీద ఈత, తాటి మొక్కల వరుస నాటడం, పడమటి వైపు లెక్కింపుకు కొత్త బృందం వేయడం. రిజిస్టర్ ఇప్పుడు మీ చేతుల్లోకి వస్తోంది. జులైలో రాగలిగినవాళ్లే పేరు రాయండి, పేరు పక్కన మీరు చూసుకునే గట్టు పేరు కూడా రాయండి.

కార్యదర్శి