మామా, మన ఎర్రమంచి ఇప్పుడెట్లుందో చెప్తా విను

ఒరేయ్ మామా,

ఎట్లున్నావు? పోయిన వారం పెనుకొండ పోయొచ్చాను. అప్పటి నుంచి నీకు రాయాలనే ఉంది. ఫోన్‌లో అయితే సగం మరిచిపోతాను, అందుకే తీరిగ్గా కూర్చున్నా.

ఇంటర్ రోజుల్లో బెంగళూరు బస్సెక్కితే ఎర్రమంచి దగ్గర కిటికీలోంచి ఏం కనిపించేది? బండలు, తుమ్మచెట్లు, వాన కోసం మొహం వాచిన చెనిక్కాయ చేన్లు. అక్కడే ఇప్పుడు 536 ఎకరాల్లో కొరియా వాళ్ల కియా కార్ల ఫ్యాక్టరీ. హైవే మీద పోతుంటే ఆ షెడ్లు ఎంతసేపటికీ అయిపోవు. కొండ కింద ఊళ్లో హోటల్ బోర్డుల మీద కొరియా అక్షరాలు కూడా వచ్చేశాయి. ఒకదాని పక్కనే ఉగ్గాని, బజ్జీ తిన్నాను. రుచి మాత్రం మారలేదు.

ఈ కియా 1944లో సైకిల్ సామాన్లు, ఇనుప గొట్టాలు చేసుకుంటూ మొదలైందంట. 1997లో దివాలా తీస్తే, మరుసటేడు హ్యుందాయ్ చేతికి వచ్చింది. అదే ఏడాది హ్యుందాయ్ శ్రీపెరుంబుదూరులో శాంట్రో కారు మొదలుపెట్టింది. అంటే చెన్నై పక్కన సొంత అన్న ఫ్యాక్టరీ ఉంది, సామాన్లు చేసేవాళ్లున్నారు, ఓడరేవు ఉంది. అవన్నీ వదిలి మన కరువు సీమకు ఎందుకొచ్చారా అని నాకు ఎప్పుడూ అనిపించేది.

ప్రభుత్వం భూమి ఇచ్చింది, బెంగళూరు దగ్గర, నాలుగు అడుగులేస్తే హైవే. అన్నీ నిజమే. కానీ అసలు సంగతి నీళ్లు రా. రంగు వేసే ముందు కారు బాడీని తొట్లలో ముంచి ముంచి కడగాలి. నీళ్లు లేకపోతే ఫ్యాక్టరీలో రంగు వేసే విభాగమే లేదు. మన దగ్గర వెయ్యి అడుగుల బోరు వేసినా దుమ్మే కదా వచ్చేది! హంద్రీనీవా కాలవలో శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయర్‌కు చేరాకే ఈ ఫ్యాక్టరీకి ఊపిరొచ్చింది.

2017 ఏప్రిల్‌లో చంద్రబాబు ప్రభుత్వంతో ఒప్పందం, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి. 2019 జనవరి 29న ట్రయల్ కారు, ఆగస్టు 8న మొదటి సెల్టోస్ కారు. డిసెంబరు 5న జగన్ చేతుల మీదుగా ప్రారంభం. గొప్ప ఎవరిదనే వాదన టీకొట్టు దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది. నా మటుకు నాకు ఆ కాలవదే గొప్ప.

మా చిన్నాన్న కొడుకు గుర్తున్నాడా, ఐటీఐ చేసినవాడు? కార్ల లైన్ మీద పని ఎట్లుంటుందో వాడు చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. ముందే బిగించిన తలుపుల్ని రంగు వేశాక మళ్లీ ఊడదీస్తారంట. తలుపులుంటే లోపల డ్యాష్‌బోర్డు, సీట్లు పెట్టడానికి మనిషి దూరలేడు కదా, అందుకని. అన్నీ అయ్యాక, ఏ కారు తలుపులు ఆ కారుకే మళ్లీ వస్తాయి. పైనుంచి బాడీ, కిందనుంచి ఇంజన్ వచ్చి కలిసే చోటును కార్లవాళ్లు ‘మ్యారేజ్’ అంటారు. అది చెప్పేటప్పుడు వాడి మొహం చూడాల్సింది! ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సత్తా ఉన్న ఫ్యాక్టరీ అంటే, సెలవులు తీసేస్తే రోజుకు వెయ్యి లెక్క.

అన్నీ ఒకే తీరుగా చెయ్యలేదులే. 2020లో వచ్చిన కార్నివాల్ కారును విడి భాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించారు. సెల్టోస్, సోనెట్, కారెన్స్ మాత్రం ఇక్కడ తయారైనవే. 2023 జూలైకి 10 లక్షల కార్లు దాటాయి. నాలుగేళ్లు కూడా నిండలేదు, అందులో కరోనా కాలం కూడా ఉంది!

ఒక్కటే మనసులో ముల్లులా ఉంది. చదువు మధ్యలో ఆగిపోయిన మన ఈడువాళ్లు ఇంకా రాత్రి బస్సెక్కి బెంగళూరు కూలికి పోతూనే ఉన్నారు. ఐటీఐ, డిప్లొమా లేకపోతే లైన్ మీద పని దొరకడం కష్టం. మన ఊరి పిల్లలకు ఆ చదువు చెప్పించే దారి ఏదన్నా ఉందేమో నువ్వు కూడా ఆలోచించు. నేను హైస్కూల్ హెడ్మాస్టరుగారితో మాట్లాడతాను.

తిరిగొచ్చేటప్పుడు టీ కోసం ఆగితే పక్కనే కార్ల ట్రైలర్ నిలబడి ఉంది. కొత్త సెల్టోస్‌లు, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు అట్లే ఉన్నాయి. డ్రైవర్‌ను అడిగితే చెన్నై పోర్టుకు అన్నాడు. అవి ఓడెక్కి ఏ దేశం పోతాయో! టీ చల్లారిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

సంక్రాంతికి తప్పకుండా రా. గొల్లపల్లి కట్ట మీద కూర్చుని మాట్లాడుకుందాం. పిల్లల్ని కూడా తీసుకురా, ఆ నీళ్లు చూస్తారు.

నీ
మామ